తమ్ముడి లైసెన్సు రివాల్వర్‌తో అమ్మానాన్నలకు భయం: ఇంట్లో నుంచి దాన్ని తీయించే మార్గం ఉందా?

నల్లకుంట ఆడపడుచు:

మా అమ్మానాన్నలు నల్లకుంటలో సొంత ఇంట్లో ఉంటారు. నాన్నకు 79 ఏళ్లు, అమ్మకు 73. కింద వాళ్లిద్దరూ, పై అంతస్తులో మా తమ్ముడు, మరదలు, వాళ్ల అబ్బాయి. నేను బోడుప్పల్‌లో ఉంటాను. తమ్ముడిది స్థలాల వ్యాపారం. చాలా ఏళ్ల కిందట ఏదో భూమి తగాదాలో తనకు ప్రాణహాని ఉందని అర్జీ పెట్టుకుని రివాల్వర్‌కు లైసెన్సు తెచ్చుకున్నాడు. పాయింట్ 32 రివాల్వర్. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, రెన్యువల్ కూడా వేళకు చేయిస్తాడు. దొంగ తుపాకీ అయితే నేను ఇక్కడికి వచ్చి అడిగేదాన్నే కాదు.

గొడవంతా ఇంటి గురించి. పాత ఇంటిని బిల్డర్‌కు ఇచ్చి ఫ్లాట్లు కట్టించాలని వాడి ఆలోచన. అందుకు ముందు ఇల్లు తన పేరున గిఫ్టు డీడు రాసి రిజిస్ట్రేషన్ చేయమంటాడు. "మేము ఉన్నంతకాలం ఇది మాది, తర్వాత మీరిద్దరూ చూసుకోండి" అంటారు నాన్న. నాకు వాటా వద్దని నేను ఎప్పుడో చెప్పేశాను. కాబట్టి ఇది ఆడపిల్ల ఆస్తి కోసం పెట్టిన పేచీ అని దయచేసి ఎవరూ మొదలుపెట్టవద్దు.

తమ్ముడు తుపాకీ గురి పెట్టలేదు. చంపుతానని నోటితో అనలేదు. వాడు చేసేది వేరు. ఇంటి మాట ఎత్తాలనుకున్న రోజు సాయంత్రం కిందికి దిగి వస్తాడు. నాన్న ఎదురుగా కూర్చుని, నడుముకున్న తోలు ఒర విప్పి టీపాయ్ మీద, అమ్మ మాత్రల డబ్బా పక్కన పెడతాడు. కాసేపటికి రివాల్వర్ బయటికి తీసి పసుపు రంగు గుడ్డతో తుడవడం మొదలుపెడతాడు. సిలిండర్ తెరిచి తూటాలు ఒక్కొక్కటీ తీసి ఆ రోజు పేపరు మీద వరసగా నిలబెడతాడు. గొంతు కూడా పెంచడు. "నాన్నా, వచ్చే నెలలో మంచి రోజులు ఉన్నాయట, రిజిస్ట్రేషన్ పెట్టుకుందామా?" అంటాడు. జవాబు వచ్చేదాకా తుడుస్తూనే ఉంటాడు. ఒకసారి ఒక తూటా దొర్లి సోఫా కిందికి పోయింది. వాడు కదల్లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు కూడా ఎక్కలేని మా నాన్న నేల మీద కూర్చుని, చెయ్యి చాపి, దాన్ని వెతికి తీసి వాడి చేతికిచ్చారు. ఈ సంగతి నాకు అమ్మ చెప్పింది. నాన్న ఇప్పటికీ నాతో అనలేదు.

నాన్న పోలీసు స్టేషన్‌కు వెళ్లారు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. అక్కడ అడిగినవి రెండే ప్రశ్నలు: గురి పెట్టాడా, కాల్చాడా? రెండూ లేవు కదా. తమ్ముణ్ణి పిలిపించి, పెద్దవాళ్లను బాగా చూసుకోవాలని నాలుగు మంచి మాటలు చెప్పి పంపారు. వాడు ఇంటికి వచ్చి, "అక్కడ అందరూ తెలిసినవాళ్లే నాన్నా, ఎందుకు శ్రమ పడ్డారు?" అన్నాడట.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలప్పుడు, మళ్లీ 2024 మేలో లోక్‌సభ ఎన్నికలప్పుడు ఇదే రివాల్వర్‌ను స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నారు. వాడు కిక్కురుమనకుండా తీసుకుపోయి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. ఎన్నికలు అయ్యాక తెచ్చుకున్నాడు. ఓట్లు సవ్యంగా పడటానికి తీసుకోగలిగిన తుపాకీని ఇద్దరు ముసలివాళ్లు సవ్యంగా నిద్రపోవడానికి తీసుకోలేరా?

కాలిఫోర్నియాలో ఉన్న స్నేహితురాలు ఒకామె చెప్పింది, అక్కడ పెద్దవాళ్లను వేధించేవాళ్ల మీద కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తే దాంతోపాటే తుపాకులు అప్పగించాల్సి వస్తుందట. మనకు అలాంటిది ఉందా? తల్లిదండ్రుల ట్రిబ్యునల్‌కు వెళితే ఆర్డీవో గారు తుపాకీ సంగతి చూస్తారా? ముందు ఇంటి గురించి వెళ్లాలా, తుపాకీ గురించి వెళ్లాలా? ఇంకో చిక్కు: కొడుకు మీద కేసు అంటే సంతకం పెట్టనని అమ్మ ఖచ్చితంగా చెప్పింది.

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

అక్కా, ఇంత ఆలోచన ఎందుకు? మీ తమ్ముడు ఇంట్లో లేని రోజు ఆ తుపాకీ తీసుకుని మీ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేయండి. లేదా నేరుగా స్టేషన్‌కు తీసుకుపోయి బల్ల మీద పెట్టండి. అప్పుడు వాళ్లే అన్నీ అడుగుతారు.

పాత సెక్షన్ మనిషి:

పై సలహా దయచేసి పాటించకండి. మీకు లైసెన్సు లేదు. ఇంకొకరి రివాల్వర్ మీ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కిన నిమిషం నుంచి ఆయుధాల చట్టం కింద ముద్దాయి మీరవుతారు, ఫిర్యాదుదారు మీ తమ్ముడవుతాడు. ఆయన ఇంతకాలం కాగితాలు సక్రమంగా పెట్టుకున్నది ఇలాంటి రోజు కోసమే. తుపాకీని మీరెవరూ ముట్టుకోవద్దు. మీ నాన్నగారిని కూడా ఇకమీదట తూటాలు ఏరవద్దని చెప్పండి.

నేను కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సుల సెక్షన్ చూసి రిటైరైనవాణ్ణి. జిల్లాల్లో లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుది. హైదరాబాద్ నగరంలో అది పోలీసు కమిషనర్‌ది. మీరు స్టేషన్‌కు వెళ్లారు. లైసెన్సు ఇచ్చింది స్టేషన్ కాదు, దాన్ని ఆపే అధికారమూ స్టేషన్‌కు లేదు. వెళ్లాల్సింది ఇచ్చినవారి దగ్గరికి.

రక్షణ ఉత్తర్వు వచ్చింది కాబట్టి తుపాకీ దించు అని తనంతట తానే చెప్పే కాగితం మన దగ్గర లేదు. కానీ ఆ పని చేయగల సెక్షన్లు 1959 ఆయుధాల చట్టంలో మొదటి నుంచీ ఉన్నాయి. ఎవరూ పేరు పెట్టి అడగరు, అందుకని ఎవరూ వాడరు.

17వ సెక్షన్‌లోని 3వ ఉపవిభాగం చూడండి. ప్రజాశాంతికి, ప్రజల భద్రతకు అవసరమని తోచినా, లైసెన్సుదారు ఏ కారణం చేతనైనా ఆయుధం ఉంచుకోవడానికి తగడని తోచినా, అధికారి లైసెన్సును సస్పెండ్ చేయవచ్చు, రద్దు చేయవచ్చు. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. లైసెన్సు పోయాక ఆయుధం దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం కాబట్టి 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో డిపాజిట్ చేయాలి. ఎన్నికలప్పుడు మీ తమ్ముడు చేసిన పని అదే. ఆ దారి ఆయనకు తెలుసు.

22వ సెక్షన్ ఇంకా పదునైనది. ఒక మనిషి దగ్గర ఆయుధం ఉండనిస్తే ప్రజాశాంతికి లేదా భద్రతకు ప్రమాదమని మేజిస్ట్రేటు నమ్మితే, కారణాలు రాసి, ఇల్లు సోదా చేయించి ఆయుధాన్ని స్వాధీనం చేసుకుని అవసరమైనంత కాలం ఉంచవచ్చు. ఆ మనిషికి దాన్ని ఉంచుకునే హక్కు చట్టప్రకారం ఉన్నా సరే, అని సెక్షన్‌లోనే ఉంది. "లైసెన్సు ఉంది కదా, మేమేం చేస్తాం?" అనేవారికి ఆ వాక్యం చూపించండి.

ఇక అర్జీ. నా సర్వీసులో చూసిన అర్జీల్లో ఎక్కువ భాగం "తగు చర్య తీసుకోగలరని ప్రార్థన" అని ముగుస్తాయి. అలాంటిది "తగు చర్య నిమిత్తం" అనే ముద్రతో కింది ఆఫీసుకు పోతుంది. అక్కడి నుంచి మీ స్టేషన్‌కు వస్తుంది. వాళ్లు కౌన్సెలింగ్ చేశాం అని రాసి పైకి పంపుతారు. ఫైలు మూత పడుతుంది. మీరు అడిగేది స్పష్టంగా ఉండాలి: 17(3) కింద ఫలానా లైసెన్సును సస్పెండ్ చేసి, ఆయుధాన్ని, తూటాలను డిపాజిట్ చేయించవలసినది. లైసెన్సు నంబరు, దాని మీదుండే యుఐఎన్ అనే విశిష్ట గుర్తింపు నంబరు, రివాల్వర్ నంబరు రాయండి. ఇవి మీకు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. ఎన్నికల డిపాజిట్ రసీదు వెతకండి. ఆయుధం వివరాలు అందులో ఉంటాయి. అలాంటి కాగితాలు ఇంట్లో కరెంటు బిల్లుల ఫైల్లోనో, టీవీ కింది సొరుగులోనో పడి ఉంటాయి.

"బెదిరిస్తున్నాడు", "మానసికంగా హింసిస్తున్నాడు" అనే మాటలతో పేజీ నింపకండి. మీరు ఇక్కడ రాసిన టీపాయ్, మాత్రల డబ్బా, పేపరు మీద తూటాలు, సోఫా కింద చెయ్యి పెట్టిన 79 ఏళ్ల మనిషి, అదే రాయండి. తేదీలు గుర్తున్నంతవరకు. ఆ సమయంలో ఏ డీడు గురించి మాట్లాడాడో అదీ రాయండి. ఒక కేసు పెండింగులో ఉందనో, భయంగా ఉందనో మాత్రమే లైసెన్సు రద్దు చేస్తే హైకోర్టులు కొట్టివేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. జరిగిన సంగతి ఫైల్లో ఉంటే అధికారికి కారణం రాయడం సులువు. ఆత్మరక్షణ కోసమని తీసుకున్న ఆయుధం రిజిస్ట్రేషన్ మాటల మధ్య టీపాయ్ మీదికి ఎందుకు వస్తోందన్నదే మీ అర్జీలో అసలు ప్రశ్న.

మీ అమ్మగారి సంగతి. ఇది కొడుకు మీద కేసు కాదమ్మా. లైసెన్సు గురించి లైసెన్సు ఇచ్చిన అధికారికి ఇచ్చే అర్జీ. ఎఫ్ఐఆర్ ఉండదు, అరెస్టు ఉండదు, కొడుకు ముద్దాయి కాడు. తుపాకీ స్టేషన్‌లో ఉంటుంది, కొడుకు ఇంట్లోనే ఉంటాడు. ఆమెకు ఈ తేడా చెప్పి చూడండి. నేను చూసినంతలో తల్లులు దీనికి ఒప్పుకుంటారు.

నాంపల్లి కోర్టు న్యాయవాది:

పెద్దాయన చెప్పింది సరైన దారే. అయితే ఆ ఒక్క దారినే నమ్ముకుని కూర్చోవద్దని నా అభిప్రాయం. కమిషనర్ కార్యాలయం కింది నుంచి నివేదిక తెప్పించుకుంటుంది, దానికి సమయం పడుతుంది.

2005 నాటి గృహహింస చట్టం భార్యలకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. ఒకే ఇంట్లో ఉంటున్న తల్లి కొడుకు మీద కూడా దాని కింద వెళ్లవచ్చు. తండ్రి వెళ్లలేరు, ఎందుకంటే బాధితురాలు స్త్రీ అయి ఉండాలి. దరఖాస్తు మేజిస్ట్రేటుకు, 12వ సెక్షన్ కింద. మామూలుగా మొదటి వాయిదా 3 రోజుల్లో వేయాలి. అత్యవసరమైతే 23వ సెక్షన్ కింద అవతలివారు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 19 కింద నివాస ఉత్తర్వు. కొడుకును ఇల్లు ఖాళీ చేయమని కూడా అడగవచ్చు, కానీ మీ అమ్మగారు అది కోరుకోరని అర్థమైంది.

అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. రక్షణ ఉత్తర్వు వస్తే తుపాకీ దానంతట అదే పోదు. అడగాల్సింది 19వ సెక్షన్‌లోని 3వ ఉపవిభాగం కింద బాండు. హింసకు పాల్పడనని కొడుకు చేత బాండు రాయించమని. 4వ ఉపవిభాగం ప్రకారం ఆ ఉత్తర్వును క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 8వ అధ్యాయం కింద ఇచ్చిన ఉత్తర్వుగానే పరిగణిస్తారు. ఇప్పుడు ఆయుధాల చట్టం 9వ సెక్షన్ తెరవండి. ఆ 8వ అధ్యాయం కింద శాంతి కోసమో సత్ప్రవర్తన కోసమో బాండు రాయమని ఉత్తర్వు పొందిన మనిషి, ఆ బాండు గడువు ఉన్నంతకాలం ఏ తుపాకీనీ, తూటానూ దగ్గర ఉంచుకోకూడదు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, కాలిఫోర్నియాలో ఒకే కాగితం చేసే పనికి మీరు చాలా దగ్గరగా వస్తారు. దరఖాస్తులో రెండు సెక్షన్లూ పేరు పెట్టి రాయండి. మేజిస్ట్రేటు గారు తమంతట తాముగా కలిపి చదువుతారని ఆశించవద్దు.

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో 10వది చూడండి. మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఆదేశిస్తే, హింసలో వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవడానికి, ఈ చట్టం అమలుకు ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి పోలీసుల సాయం తీసుకోవచ్చు. ఇదీ అడిగితేనే వస్తుంది.

తండ్రిగారి తరఫున అయితే బైండోవర్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఒక ఏడాది వరకు శాంతి బాండు రాయించవచ్చు. రౌడీషీటర్లకే బైండోవర్ అని స్టేషన్‌లో నవ్వితే నవ్వనివ్వండి, సెక్షన్‌లో ఆ మాట లేదు. ఇక్కడ కూడా ఉత్తర్వు పడితే పైన చెప్పిన 9వ సెక్షన్ నిషేధం వర్తిస్తుంది.

ఆర్డీవో ట్రిబ్యునల్ 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద పోషణ ఇప్పించగలదు, 23వ సెక్షన్ కింద షరతుతో రాసిన గిఫ్టును రద్దు చేయగలదు. తుపాకీ మీద దానికి అధికారం లేదు. మీ నాన్నగారు ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి ఇంటి గురించి ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, రాయకపోవడం. ఎప్పుడైనా రాయక తప్పకపోతే, తమను కడదాకా చూసుకోవాలన్న షరతు డీడులోనే ఉండాలి. అందుకని ముందు తుపాకీ, తర్వాతే ఇల్లు. తుపాకీ ఇంట్లో ఉండగా ఇంటి గురించి జరిగే ఏ మాటా స్వేచ్ఛగా జరిగినట్టు కాదు.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోను చేయవచ్చు. నాకు ఫీజు ఇవ్వనక్కర్లేదని నేనే చెబుతున్నాను, గమనించండి.

ఫ్రీమాంట్ తెలుగు మనిషి:

మాది వారాసిగూడ, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడి మన వాళ్ల ఇళ్లలో ఇలాంటి గొడవల్లో దుభాషిగా కోర్టుకు వెళ్లిన అనుభవం ఉంది, అందుకని మీ స్నేహితురాలు చెప్పినదాని వివరం రాస్తున్నాను.

ఇక్కడ 65 ఏళ్లు దాటినవారికి ప్రత్యేకమైన రక్షణ ఉత్తర్వు ఉంది. దరఖాస్తుకు ఫీజు లేదు. ఉత్తర్వు చేతికి అందాక 24 గంటల్లో తుపాకులను, తూటాలను పోలీసులకు అప్పగించాలి, లేదా లైసెన్సున్న వ్యాపారికి అమ్మాలి, లేదా అతని దగ్గర దాచాలి. అలా చేసినట్టు రసీదును 48 గంటల్లో కోర్టులో దాఖలు చేయాలి. ఆ రసీదు కోసం అచ్చు వేసిన ఫారమే ఉంది. తుపాకీ మాట దరఖాస్తుదారు అడగడం మర్చిపోయినా ఉత్తర్వులో ఉంటుంది. మీ దగ్గరికీ మా దగ్గరికీ పెద్ద తేడా అదే.

అయితే ఇక్కడా అంతా తీరుగా లేదు. వేధింపు డబ్బుకు సంబంధించినదే, బలప్రయోగం గానీ బెదిరింపు గానీ లేదు అనుకోండి, తుపాకీ నిషేధం వర్తించదు. మీ తమ్ముడి వంటివాడు ఇక్కడ ఉంటే, లాయరును పెట్టుకుని "నేను ఇంటి కాగితాల గురించే మాట్లాడాను" అని అక్కడే వాదిస్తాడు. టీపాయ్ సంగతి వివరంగా రాయడం ఇక్కడైనా అంతే అవసరం. ఇంకొకటి, అమెరికా కేంద్ర చట్టంలో రక్షణ ఉత్తర్వు ఉన్నవారికి తుపాకీ నిషేధం ఉంది, 2024 జూన్‌లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని నిలబెట్టింది కూడా. కానీ అది భార్యాభర్తలు, కలిసి ఉండే జంటలు, వాళ్ల పిల్లల వరకే. ముసలి తల్లిదండ్రులకు దాని కింద రక్షణ లేదు. అది రాష్ట్ర చట్టాల నుంచే రావాలి, అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేదు.

తార్నాక మూర్తిగారి మనవడు:

కొంచెం వేరే సంగతి, అయినా ఎవరికైనా ఉపయోగపడుతుందని. మా ఇంట్లో తుపాకీ తాతయ్యదే. సైన్యం నుంచి వచ్చాక బ్యాంకు గన్‌మన్‌గా చేశారు, డబుల్ బ్యారెల్ 12 బోరు. ఈ మధ్య మతిమరుపు ఎక్కువై, రాత్రిళ్లు లేచి "గన్ ఎక్కడ?" అని వెతకడం మొదలుపెట్టారు. అమ్మమ్మ భయపడి అటక మీద దాచమంది. మేము తాతయ్య బాగున్న ఒక ఉదయం చూసి, ఆయన చేతనే దరఖాస్తు రాయించి, ఆయన వెంటే వెళ్లి స్టేషన్‌లో అప్పగించాం. ఎస్ఐ గారు లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు. ఆ సెల్యూట్ లేకపోతే తాతయ్య ఇచ్చేవారు కారని నా నమ్మకం.

నల్లకుంట ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చెప్పినట్టే రసీదు దొరికింది, గ్యాసు పుస్తకం మధ్యలో మడిచి ఉంది. రివాల్వర్ నంబరు, తూటాల సంఖ్య రెండూ ఉన్నాయి. లైసెన్సు నంబరు కూడా.

అమ్మతో మాట్లాడాను. "తుపాకీ మీద అర్జీ అయితే పెడతాను, వాడి మీద కాదు" అంది. ఆ తర్వాత తనే అడిగింది, "తూటాలు కూడా తీసుకుంటారా?" అని. గృహహింస దరఖాస్తుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. నాన్న బైండోవర్ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాడి ఉద్యోగం పోదు కదా?" అన్నారు. స్థలాల వ్యాపారికి ఉద్యోగం ఎక్కడిది నాన్నా, అన్నాను.

ఇప్పుడు నా భయం ఒకటే. అర్జీ పెట్టింది మేమేనని వాడికి తెలుస్తుందా? తెలిశాక, తుపాకీ పోలీసుల చేతికి పోయేలోపు ఏం జరుగుతుంది?

పాత సెక్షన్ మనిషి:

తెలుస్తుందమ్మా. లైసెన్సు రద్దు చేసే ముందు సంజాయిషీ అడగడం మామూలు పద్ధతి. నోటీసులో ఫిర్యాదుదారు పేరు లేకపోయినా, టీపాయ్ దగ్గర ఉన్నది ఎవరో ఆయనకు తెలియదా?

అందుకే అర్జీ ఇచ్చే రోజుకే అమ్మానాన్నలను మీ ఇంటికి తెచ్చుకోండి. మనవడికి పరీక్షలనో, నాన్నగారికి కంటి డాక్టరు అనో, ఏదో ఒక సాకు చెప్పండి. ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకాలు, మందులు వెంట ఉండాలి. అర్జీలోనే ఇంకో వాక్యం చేర్చండి: విచారణ పూర్తయ్యేదాకా ఆయుధాన్ని ముందుగా డిపాజిట్ చేయించవలసినది, సంజాయిషీ నోటీసు ఆ తర్వాతే ఇవ్వవలసినది. ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి ఇష్టం. కానీ కారణం మీరు రాసి పెట్టారు కాబట్టి, రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం వాళ్ల ఫైల్లో ఉంటుంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

అర్జీ ఒక ప్రతి కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకోండి. రెండోది స్పీడ్ పోస్టులో పంపండి. డీసీపీకి, మీ స్టేషన్‌కు ఒక్కో ప్రతి. స్టేషన్‌లో కోపం తెచ్చుకోవద్దు, నివేదిక రాసేది వాళ్లే. సంజాయిషీలో మీ తమ్ముడు "శుభ్రం చేసుకున్నాను, అంతే" అని రాస్తాడు. శుభ్రం చేసుకోవడానికి పై అంతస్తులో స్థలం లేదా అని అడగమని మీ నాన్నగారితో విచారణాధికారికి చెప్పించండి.

ఈలోపు ఆయన మళ్లీ కిందికి వచ్చి ఒర విప్పితే, వాదన వద్దు, డీడు గురించి అవును కాదు ఏదీ అనవద్దు. లేచి బయటికి రావాలి. 112కు ఫోను చేసి మొదటి మాటగా "ఇంట్లో తుపాకీ ఉంది" అని చెప్పాలి. కుటుంబ గొడవ అని మొదలుపెడితే వచ్చే స్పందన వేరు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది, 2017లో మొదట మన హైదరాబాద్ కోసమే మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. కాబట్టి రాత్రి అవసరానికి 112 మాత్రమే.

అర్జీ ఏమైందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయండి. మామూలుగా జవాబుకు 30 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్‌లో ఉంది. దరఖాస్తు మొదటి వరసలోనే ఆ సెక్షన్ రాయండి. అడగాల్సినవి: లైసెన్సు మీద ఏం ఉత్తర్వు ఇచ్చారు, ఆయుధం డిపాజిట్ అయిందా, ఎన్ని తూటాలు. మీ అమ్మగారు అడిగింది మంచి ప్రశ్న. రివాల్వర్ ఇచ్చి తూటాలు ఇంట్లో ఉంచుకునేవాళ్లను నేను చూశాను. పాత రసీదులోని సంఖ్యతో పోల్చి చూడండి, ఆ తర్వాత కొన్నవి ఉంటే అవీ లైసెన్సు పుస్తకంలో నమోదై ఉంటాయి.